తండ్రి దగ్గు, కొడుకు మాత్రలు: ఒక సవర కుటుంబంలో క్షయ చికిత్స

ఛాతీ వ్యాధుల వైద్యుడిగా శ్రీకాకుళం జిల్లాలో నేను చూసిన కేసుల్లో వైద్యపరంగా చాలా మామూలుదే అయినా, ఇంటివాళ్ల నమ్మకాలను ఓపికగా వినకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు పడని కేసు ఇది. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా ఊరి పేరు వదిలేశాను, కొన్ని వివరాలు మార్చాను. మందులకు లొంగే క్షయకు ఆరు నెలల చికిత్స ఉంది, అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది, క్రమం తప్పకుండా వాడినవారిలో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అయినా ఆ మాత్ర రోగి నోటికి చేరడానికి ముందు అతని తల్లి వంటింటినీ, తమ్ముడి ప్రార్థననీ, చనిపోయిన తండ్రి జ్ఞాపకాన్నీ దాటి రావలసి ఉంటుందని ఈ కేసు నాకు స్పష్టంగా చూపించింది. పరాయి నమ్మకం ముందు వినయంగా ఉండడం మంచితనానికి సంబంధించిన విషయమని అందరూ అంటారు. అది రోగి చరిత్రను సరిగ్గా రాబట్టే వైద్య పద్ధతి కూడా అని నా అభిప్రాయం, దాన్ని బలపరచడానికే ఇది రాస్తున్నాను.

రోగి, కుటుంబం

రోగి వయసు 38 ఏళ్లు. మెళియాపుట్టి మండలంలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న కొండల్లో ఒక సవర గూడకు చెందినవాడు. కొంత పోడు, కొంత జీడితోట ఉన్నాయి. అతనితో పాటు భార్య, నాలుగేళ్ల కూతురు, అరవై ఏళ్ల తల్లి ఒకే ఇంట్లో ఉంటారు. తమ్ముడి ఇల్లు అదే వరుసలో కాస్త అవతల ఉంది. తల్లి పూర్వం నుంచి వస్తున్న సవర ఆచారాలనే పాటిస్తుంది. తమ్ముడు చాలా ఏళ్ల కిందటే బాప్టిస్టు సంఘంలో చేరాడు, అక్కడ పెద్దల్లో ఒకడు. మా రోగి చిన్నప్పుడు తమ్ముడితో పాటు చర్చికి వెళ్లినా, పెళ్లయ్యాక తల్లి దగ్గరే ఉండి కొత్త పంటల పండగలన్నీ ఆమె పద్ధతిలోనే చేస్తూ వచ్చాడు.

మొదటిసారి జబ్బు బయటపడినప్పుడు మూడు నెలలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయి. కఫంలో ట్రూనాట్ పరీక్ష క్షయను నిర్ధారించింది, క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమిలో నిరోధకత లేదని తేలింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్ కలిసిన మాత్రలు అతని బరువును బట్టి రోజుకు మూడు చొప్పున మొదలుపెట్టారు. చదువుకున్నవాడు, తెలుగు బాగా మాట్లాడగలవాడు, మోటారు సైకిల్ ఉన్నవాడు కావడంతో తమ్ముణ్ణే చికిత్సకు సహాయకుడిగా రాసుకున్నారు. ఏడు వారాలు సవ్యంగా సాగింది. తరువాత రోగి మాత్రలు మానేశాడు. ఆరు వారాలు గడిచాక జ్వరంతో, రక్తపు చారలున్న కఫంతో అతణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చారు. అప్పటికి బరువు 40 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, అంటే శరీర ద్రవ్యరాశి సూచిక 16. వెంట వచ్చిన చీటీలో, రోగి మందులు మానేశాడనీ, మూఢనమ్మకాలు ఉన్నాయనీ, కౌన్సెలింగ్ అవసరమనీ ఉంది.

ఆ చీటీ రాసినవారి శ్రద్ధను నేను శంకించను. అయితే మూఢనమ్మకం అనే ముద్ర పడిన క్షణంలోనే విచారణ ఆగిపోతుంది. రోగి ఎందుకు మానేశాడన్న ప్రశ్నకు జవాబు దొరికేసిందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి అక్కడ ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు.

విన్న విషయాలు

నెల దాటి మందులు మానినప్పుడు చేయవలసినట్టే కఫాన్ని మళ్లీ పరీక్షకు పంపాము. క్రిమి ఇంకా ఉంది, అదృష్టవశాత్తు నిరోధకత ఏర్పడలేదు. కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. ఫలితాలు వచ్చేలోగా ఆ గూడకే చెందిన సవర ఆశా కార్యకర్త సాయంతో తల్లితో, రోగితో, భార్యతో, తమ్ముడితో విడివిడిగా మాట్లాడాను. రోగి దగ్గర బంధువును దుబాసీగా పెట్టుకోకపోవడం ఇలాంటి కేసుల్లో చాలా ముఖ్యం. అన్న మాటలను తమ్ముడే తెలుగులో చెబితే, ఆ మాటల్లో ఏది వదిలేయాలో అతనికి తెలియకుండానే అతని విశ్వాసం నిర్ణయిస్తుంది.

వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లో ప్రతిపాదించిన పద్ధతిలో రోగిని అడగవలసిన ప్రశ్నలు చాలా సూటిగా ఉంటాయి: ఈ జబ్బు దేనివల్ల వచ్చిందని మీరు అనుకుంటున్నారు, ఇప్పుడే ఎందుకు మొదలైంది, ఇది మీ శరీరంలో ఏం చేస్తోంది, దేనికి భయపడుతున్నారు, ఎలాంటి చికిత్స జరగాలని కోరుకుంటున్నారు. ఈ ప్రశ్నలను తెలుగులోంచి సవరలోకి తీసుకువెళ్లడం తేలిక కాదు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది, మన తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఈ జిల్లా మనిషే అయిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం బడులు నడిపారు, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆగస్టు 29న ఆయన జయంతిని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలుచుకున్నంతగా, కొండ మీది మనుషుల దగ్గర విద్యార్థిగా కూర్చున్న ఆ పంతులుగారిని తలుచుకోము. ఈ ప్రాంతంలో పనిచేసే వైద్యులకు ఆయన జీవితంలోని ఆ భాగమే ఎక్కువ అక్కరకు వస్తుందని నాకు అనిపిస్తుంది.

తల్లి మొదట ఏమీ మాట్లాడలేదు. నా బల్ల మీద ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి పటం వైపు చూసి, అది మీ ఇంట్లో చనిపోయినవారి బొమ్మా అని ఆశా కార్యకర్త ద్వారా అడిగింది. కాదమ్మా, అది సూర్యుడి పటమనీ, కళ్ల జబ్బులకూ చర్మ వ్యాధులకూ ఇక్కడివాళ్లు అరసవల్లిలో మొక్కుకుంటారనీ, మా అమ్మ కూడా మొక్కుకునేదనీ చెప్పాను. వైద్యుడి గది అందరికీ ఒకేలా కనిపించే చోటు కాదు. మన బల్ల మీది పటం, నుదుటి బొట్టు, మంగళవారం చేయకూడదనుకునే పనులు, ఇవన్నీ రోగికి కనిపిస్తూనే ఉంటాయి. మన నమ్మకాలు మనకు అలవాటైపోయి కనిపించవు గనుక నమ్మకాలు ఎదుటివాళ్లకే ఉన్నాయనుకుంటాం. నా నమ్మకం గురించి ఆమె అడిగాక, నేను దాచకుండా చెప్పాక, తన మాట చెప్పడం మొదలుపెట్టింది.

మూడేళ్ల కిందట ఆమె భర్త దగ్గుతో, రక్తం కక్కుకుని చనిపోయాడు. సవరల పూర్వ సంప్రదాయంలో చనిపోయినవారు వెళ్లిపోరు. తమ వారి మీద ప్రేమతోనో ఆకలితోనో దగ్గరకు వస్తారు, తాము ఏ బాధతో పోయారో ఆ బాధను బతికున్నవారికి అంటిస్తారు. వాళ్లతో మాట్లాడి, కోరింది ఇచ్చి, శాంతింపజేయాలి. భర్తకు జరగవలసిన చివరి కార్యం డబ్బు లేక, చిన్న కొడుకు ఒప్పుకోక ఆగిపోయింది. అందుకే ఆయన పెద్ద కొడుకు గుండెల్లోకి వచ్చి కూర్చున్నాడని ఆమె దుఃఖం.

ఆమె నన్ను సూటిగానే అడిగింది, మా ఆయన వీడి ఛాతీలో ఉన్నాడని నువ్వు నమ్ముతావా అని. "నాకు అలా తెలియదమ్మా. నాకు తెలిసింది కంటికి కనిపించని ఒక క్రిమి. కానీ ఆయన దగ్గుతో పోయారని నువ్వు చెప్పిన మాట నాకు చాలా ముఖ్యం" అన్నాను. నమ్ముతున్నానని అని ఉంటే అది అబద్ధం, ఆమెను చిన్నపిల్లగా చూడడం. అదంతా ఒట్టిదని అని ఉంటే తరువాతి మాట ఆమె నోటి నుంచి వచ్చేది కాదు. ఆ తరువాతి మాటే ఈ కేసుకు ప్రాణం. చివరి నెలల్లో భర్త పక్కన ఎవరు పడుకునేవారని అడిగితే, తానూ పెద్ద కొడుకూ అని చెప్పింది. అంతటితో ఆగకుండా, తనకూ వర్షాకాలం నుంచి దగ్గు వస్తోందనీ, తననూ ఆయన పిలుస్తున్నాడనీ చెప్పింది.

చికిత్స మొదలైన నాటి కాగితాల్లో కుటుంబంలో క్షయ లేదని రాసి ఉంది. తండ్రికి ఎప్పుడూ పరీక్ష జరగలేదు కాబట్టి తమ్ముడికి తెలిసినంతలో అది నిజమే. క్షయ క్రిమి సోకినవారిలో జీవితకాలంలో సుమారు 5 నుంచి 10 శాతం మందికే జబ్బు బయటపడుతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే. కిటికీలు లేని ఒకే గది ఇంట్లో, తలుపు మూసి పొయ్యి వెలిగించుకునే రాత్రుల్లో, దగ్గుతో పోయిన మనిషి పక్కన పడుకున్న ఇద్దరి గురించి మాకు అత్యవసరంగా తెలియవలసిన సమాచారం, మేము మూఢనమ్మకమని పక్కన పెట్టిన కథలోనే ఉంది. తండ్రి దగ్గు కొడుక్కి అంటుకుందన్న ఆమె వివరణకూ, నా వివరణకూ మధ్య ఉన్న తేడా పెద్దదే. దాన్ని చెరిపేసి రెండూ ఒకటేనని నేను అనను. రెండు వివరణలూ మమ్మల్ని అదే గదికీ, అదే మనుషుల దగ్గరకూ తీసుకువెళ్లాయి.

మందులు ఎందుకు ఆగాయి

మానేయడానికి అసలు కారణం రోగి భార్య చెప్పింది. మాత్రలు తమ్ముడి ఇంట్లో ఉండేవి. ప్రతి ఉదయం రోగి అక్కడికి వెళ్లేవాడు, తమ్ముడు ప్రార్థన చేసి మాత్రలు చేతిలో పెట్టేవాడు. అతని మనసులో అది ప్రేమ తప్ప మరొకటి కాదు. గూడలో మాత్రం అవి చర్చి మాత్రలుగా పేరుపడ్డాయి. ఆ మాత్రలు వేసుకోవడమంటే తల్లి దారి వదిలేసినట్టేనని తల్లికి తోచింది. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ ఎరుపులోకి మారుతుందని ఎవరూ ఆమెకు ముందుగా చెప్పలేదు. ఆ రంగు చూసి లోపల ఉన్న భర్త కోపగించాడని ఆమె భయపడింది, వండిపెట్టడం మానేసి ఏడుస్తూ కూర్చుంది. రోగికి తల్లినీ తమ్ముణ్ణీ ఇద్దరినీ కష్టపెట్టడం ఇష్టం లేక మాత్రలు మానేశాడు, ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడి మాట కూడా అంతే గౌరవంతో వినవలసి ఉంది. సంప్రదాయానికి గౌరవం ఇవ్వాలన్న ఉత్సాహంలో, క్రైస్తవం తీసుకున్న గిరిజనుణ్ణి తన మూలాలు వదిలేసినవాడిగా చూసే ధోరణి చదువుకున్నవారిలో బలంగా ఉంది. అది కూడా అహంకారమే అని నేను అనుకుంటాను. "బాబూ, మా తాత చచ్చిపోయినోళ్లకి దున్నపోతులు కొయ్యడానికి అప్పు చేసి భూమి పోగొట్టుకున్నాడు. చర్చిలో చేరాకే మా ఇంట్లో అప్పు లేదు, నాకు చదువొచ్చింది, మా బాసలోనే పాటలు పాడుకుంటున్నాం. మళ్లీ ఆ గోతిలోకి దిగమంటారా?" అని అతను అడిగాడు. అతనికి అన్న మీద ఉన్న ప్రేమకూ, విగ్రహాలకూ ప్రేతాలకూ అర్పించిన ఆహారం తినకూడదన్న అతని నియమానికీ మధ్య పెనుగులాట నిజమైనది.

చేసిన ఏర్పాట్లు

మేము ఆ గూడకు వెళ్లాము. ముందుగా పెద్దలకు కబురు పెట్టి, వాళ్లు రమ్మన్నాకే బయలుదేరాము. ఇంట్లోకి పిలిచేదాకా అరుగు మీద కూర్చున్నాము, లోపలి గోడ మీద పిండితో వేసిన బొమ్మలను ఫోటో తీయలేదు. తల్లి ఇచ్చిన చోడంబలి తాగాము. ఇవి చిన్న విషయాలని కొందరు అనవచ్చు. మేము ఆ ఇంట్లో ఏది తాకుతున్నామో, ఏది తినడానికి వెనుకాడుతున్నామో అన్నదాన్ని బట్టే అక్కడ మా మాట విలువ తేలుతుంది.

మొదటి నిర్ణయం మాత్రలను తమ్ముడి ఇంట్లోంచి రోగి ఇంటికి మార్చడం. చికిత్స సహాయకురాలిగా ఆశా కార్యకర్తను పెట్టాము. మాత్రల డబ్బా ఎక్కడ ఉంచాలో తల్లినే అడిగితే, ధాన్యం పెట్టుకునే అటక కింద ఒక చోటు చూపించింది. మూత్రం రంగు మారుతుందనీ, అది మందు శరీరంలోకి వెళ్లిందనడానికి గుర్తనీ ఆమెకు, ఊరి పెద్దలకు వివరించాము.

ఇలాంటి కార్యాలు జరిపించే సవర పూజారి ఎజ్జోడును కలవాలని నేనే కోరాను. ఆయన వయసులో పెద్దవాడు కాబట్టి తాతా అని పిలిచాను. ఆయన చేయబోయే కార్యంలో నేను పాల్గొనననీ, దాన్ని ఆపమని అడగననీ మొదటే చెప్పి, రోగి శరీరానికి సంబంధించి నాకున్న భయాలు నాలుగు ఆయన ముందు పెట్టాను. చికిత్స తిరిగి మొదలైన మొదటి వారాల్లో అతని దగ్గు ద్వారా ఇతరులకు జబ్బు సోకవచ్చు గనుక, మూసిన గదిలో జనం చేరకూడదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ కాలేయం మీద భారం వేస్తాయి కాబట్టి రోగి జీలుగు కల్లు గానీ సారా గానీ తాగకూడదు. ఒక్క రోజు కూడా మాత్ర తప్పకూడదు. ఖర్చు కోసం ఆ కుటుంబం అప్పుల్లో పడకూడదు.

ఆయన చాలాసేపు ఆలోచించి, తన వైపు ఇబ్బందులు చెప్పాడు. కార్యం రోజున రోగి సాయంత్రం దాకా ఏమీ మింగకూడదు. కల్లు లేకుండా చనిపోయినవారు రారు. చివరకు కుదిరింది ఇలా ఉంది. చికిత్స మొదలై నెల దాటాక కార్యం జరుగుతుంది. జనం ఇంటి బయట చెట్టు కింద కూర్చుంటారు, రోగి ముఖానికి గుడ్డ కట్టుకుంటాడు. ఆ ఒక్క రోజు మాత్రలు రాత్రికి వేసుకుంటాడు. చనిపోయినవారికి కల్లు నేల మీద పోస్తారు, రోగి వంతు అతని మేనమామ తాగుతాడు. దున్నపోతు బదులు కోళ్లు. ఈ మార్పుల్లో చివరి రెండూ ఎజ్జోడు స్వయంగా సూచించినవి. ఒక సంప్రదాయంలో ఏది కదలదో, ఏది కదులుతుందో ఆ సంప్రదాయం లోపలివాళ్లకే తెలుస్తుంది. నేను పుస్తకాల్లో చదివి, కల్లు లేని పూజ చేసుకోండని సలహా ఇచ్చి ఉంటే మాట అక్కడితో తెగిపోయేది.

మెలానీ టెర్వలాన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు 1998లో సాంస్కృతిక వినయం గురించి రాసినప్పుడు చెప్పిన సంగతి సారాంశంలో ఇదే. ఇతరుల సంస్కృతిని చదివి నేర్చేసుకున్నామనుకునే నైపుణ్యానికి బదులు, జీవితాంతం మనల్ని మనం పరిశీలించుకుంటూ, వైద్యుడికీ రోగికీ మధ్య ఉన్న అధికారపు హెచ్చుతగ్గులను సరిచేసుకుంటూ ఉండాలని వారు కోరారు. ఆ కొండల్లో అధికారపు తేడా చాలా లోతైనది. తెలుగు మాట్లాడే అధికారి ఎవరు వచ్చినా అటవీ కేసో, అప్పు వసూలో తెచ్చాడని భయపడిన తరాలు అక్కడ ఉన్నాయి.

తమ్ముడి సంఘ కాపరిని కూడా కలిశాను. ఆయనా సవరే. కార్యం రోజున సంఘస్థులెవరూ రానక్కరలేదని, ఎవరి విశ్వాసానికీ భంగం కలిగే పని అడగబోమని చెప్పి, మాత్రలకు ఏ షరతూ తగిలించవద్దని కోరాను. అన్న కోసం తన ఇంట్లో తాను ప్రార్థించుకోవడానికి అడ్డేమీ లేదు కదా అని ఆయనే తమ్ముడితో అన్నాడు. తమ్ముడు ఒప్పుకున్నాడు గానీ, నేను ప్రేతాలకు అనుమతి ఇచ్చానన్న బాధ అతనిలో మిగిలిపోయింది. చదువుకున్న మీరు కూడా ఇలా చేస్తే ఎలా అని అడిగాడు. దానికి నా దగ్గర అతనికి తృప్తినిచ్చే జవాబు లేదు. మీ అన్న ప్రాణం, మీ అమ్మ ప్రాణం నా బాధ్యత, మీ ఇంటి దేవుణ్ణి ఎంచే అధికారం నాకు లేదు అని మాత్రమే చెప్పగలిగాను.

ఫలితం

రోగికి చికిత్స మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాము. రెండు నెలల చివర కఫంలో క్రిమి కనిపించలేదు. ఆరు నెలలూ మాత్రలు తప్పలేదని ఆశా కార్యకర్త కార్డు చెబుతోంది. చివరి కఫ పరీక్షలోనూ క్రిమి లేదు, బరువు 46 కిలోలకు చేరింది. క్షయ రోగుల పోషణ కోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు వెయ్యి రూపాయలు అతని ఖాతాలో పడ్డాయి. గుడ్లు, పప్పు, వేరుశనగ కొనడానికి అవి కొంత పనికివచ్చాయి. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన రేషన్స్ అధ్యయనంలో, రోగి ఇంటివాళ్లకు అదనపు ఆహారం ఇచ్చినప్పుడు వారిలో కొత్తగా క్షయ రావడం సుమారు 39 నుంచి 48 శాతం తగ్గింది. అందుకే ఇంట్లో అందరి తిండి గురించీ తల్లితో విడిగా మాట్లాడాము, వంట ఆమె చేతిలో ఉంది కాబట్టి.

తల్లి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలు కనిపించాయి, ట్రూనాట్ క్షయను నిర్ధారించింది. భర్త కార్యం పూర్తయ్యేదాకా మాత్రలు వేసుకోనని ఆమె మొదట పట్టుబట్టింది. అప్పుడు ఎజ్జోడే, కార్యానికి నువ్వు నిలబడగలగాలి కదా అని నచ్చజెప్పి ఒప్పించాడు. ఆమె బరువు 33 కిలోలు, రోజుకు రెండు మాత్రలు. నాలుగేళ్ల పాపకు జబ్బు లేదని నిర్ధారించుకున్నాక, నివారణ కోసం ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ ఇచ్చాము. భార్యకు జబ్బు లేదు, ఆమెకూ నివారణ చికిత్స ఇచ్చాము.

అన్నదమ్ముల మధ్య దూరం మాత్రం తగ్గలేదు. కార్యం జరిగిన రోజు తమ్ముడు ఊళ్లో లేడు, ఆ తరువాత చాలా నెలలు తల్లి ఇంట్లో అన్నం తినలేదు. అయినా పరీక్షల రోజున మోటారు సైకిల్ మీద అన్ననూ తల్లినీ మెళియాపుట్టి దాకా తీసుకువచ్చేది అతనే. ఇందులో ఒక మతం గెలిచిందనో, ఓడిందనో నేను చెప్పలేను. ఆ కార్యం వల్ల నయమైందని తల్లి, ప్రార్థన వల్ల నయమైందని తమ్ముడు, మాత్రల వల్ల నయమైందని నేను నమ్ముతున్నాము. మాత్రలు లేకుండా నయమయ్యేది కాదన్నది నాకు వైద్యశాస్త్రం చెప్పిన నిజం, ఆ విషయంలో నా మాట మెత్తబడదు.

ఈ కేసు తరువాత మా దగ్గర క్షయ రోగుల చరిత్ర రాసే కాగితంలో కొన్ని ప్రశ్నలు చేరాయి. మాత్రలు ఎవరి ఇంట్లో ఉంటాయి, అక్కడ ఉండడం ఇంట్లో ఎవరికైనా కష్టమా, ఇంట్లో దగ్గుతో పోయినవారు ఉన్నారా, ఉపవాసాలు దీక్షలు ఉన్నాయా, ఈ చికిత్సకు ఎవరి అనుమతి ఉంటే మీకు ధైర్యం అని అడుగుతున్నాము. రంజాన్ నెలలో ఉపవాసముండే ముస్లిం రోగులకు సహరీ వేళకు మాత్రలు మార్చడం, మాల వేసుకున్నవారికి పూజ వేళను బట్టి సమయం కుదర్చడం ఈ ప్రశ్నల వల్ల మొదటి రోజునే తేలిపోతున్నాయి. చికిత్స ముగిసిన రోగిని రెండేళ్ల పాటు ఆరు నెలలకు ఒకసారి పరీక్షించాలి. అతని మొదటి పరీక్ష అయిపోయింది, జబ్బు తిరగబెట్టలేదు. తల్లి నాలుగో నెల మాత్రల్లో ఉన్నప్పుడు ఒకటి జరిగింది. తరువాతి పరీక్ష తేదీ కందికొత్త పండగ రోజుల్లో పడిందని, పండగ దాటాక ఇవ్వమని ఆమె అడిగింది. మందులు అప్పటిదాకా సరిపోయేలా ముందే ఇచ్చి తేదీ మార్చాము.